ఎక్సెల్ షీట్‌లో ఉన్న వందలమందిని సైట్‌లోకి ఎక్కించాలి: ఎవరికి ఏ దారి బావుంటుంది

మీ చేతిలో ఒక ఎక్సెల్ షీట్ ఉంది, అందులో మూడొందలో ఆరొందలో పేర్లున్నాయి, సాయంత్రంలోగా వాళ్ళందరికీ సైట్‌లో లాగిన్లు కావాలని పైనుంచి ఫోన్ వచ్చింది. ఈ స్థితిలో ఉన్నవాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీకి మూడుల్ (ఆన్‌లైన్‌లో పాఠాలు, అసైన్‌మెంట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్ చూస్తుంటా, పక్కనే ఒక పూర్వ విద్యార్థుల సంఘానికి వర్డ్‌ప్రెస్ (మామూలు వెబ్‌సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్) సైట్ కూడా చూస్తుంటా, రెండింట్లోనూ ఈ పని ఏటా తగుల్తుంది, రెండింట్లోనూ చేతులు కాల్చుకున్నా.

అందరూ ఏ టూల్ మంచిది అనే అడుగుతారు. నిజానికి మొదటిసారి ఎక్కించడం ఏ దారిలోనైనా ఎలాగోలా అయిపోతుంది. అదే షీట్ పది రోజులకి మళ్ళీ వస్తుంది చూడండి, "సార్ స్పాట్ అడ్మిషన్లలో ఇంకో 40 మంది చేరారు, ఇద్దరు మానేశారు, ఒకమ్మాయి పేరు స్పెల్లింగ్ తప్పు పడింది" అని, అప్పుడు తెలుస్తుంది మీరు పట్టుకున్న దారి ఎలాంటిదో. అందుకే కింద ఏ దారి గురించి చెప్పినా రెండోసారి ఎక్కిస్తే ఏమవుతుంది అన్నదాన్నే ముందు పెట్టి చూశా.

## ముందు ఇవి తేల్చుకోండి

ఎంతమంది అన్నది మొదటి ప్రశ్న. పాతికమందికీ ఐదువేలమందికీ ఒకే దారి కుదరదు. కొత్త పాస్‌వర్డ్ పెట్టిన ప్రతిసారీ సైట్ దాన్ని హ్యాష్ చేసి, అంటే తిరిగి చదవలేని గుర్తులుగా మార్చి దాచుకుంటుంది, ఆ లెక్క కావాలనే నెమ్మదిగా నడిచేలా తయారుచేశారు, ఒక్కరికైతే మనకి తెలీదు గానీ వేలల్లో ఉంటే బ్రౌజర్ పేజీ మధ్యలోనే ఆగిపోతుంది. ఈ సైట్లు నడిచే భాష పీహెచ్‌పీలో మామూలుగా ఒక పేజీకి ఉండే టైమ్ 30 సెకన్లే, హోస్టింగ్‌వాళ్ళు పెంచితే తప్ప.

రెండోది, ఇది ఒక్కసారి పనా లేక ప్రతి సెమిస్టర్‌కీ ఉండేదా. మూడోది, సర్వర్ మీద మీకెంత అధికారం ఉంది, అడ్మిన్ లాగిన్ మాత్రమేనా, ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి నేరుగా వెళ్ళి ఆదేశాలు ఇచ్చే దారి) కూడా ఉందా. నాలుగోది, వీళ్ళకి సొంత ఈమెయిల్స్ ఉన్నాయా, ఉంటే వాటిని తెరుస్తారా. మన దగ్గర సగం మంది ఇచ్చే మెయిల్ ఐడీ ఎప్పుడో ఫోన్ కొన్నరోజు షాపులో కుర్రాడు క్రియేట్ చేసిపెట్టింది, పాస్‌వర్డ్ వాళ్ళకే గుర్తుండదు.

ఐదోది ఎవరూ అడగరు గానీ నాకైతే ఇదే ముఖ్యం: మీరు లేనప్పుడు ఈ పని ఎవరు చేస్తారు? ఆఫీస్‌లో క్లర్క్ చేయాల్సి వస్తే కమాండ్ లైన్ (ఆదేశాలు టైప్ చేసి పని చేయించడం) ఎంత గొప్పదైనా పనికిరాదు.

## దారి ఏదైనా ఫైల్ మాత్రం ఇదే, కాబట్టి దీని సంగతి ముందు

చివరికి అన్ని టూల్సూ అడిగేది సీఎస్‌వీ ఫైలే, అంటే గళ్ళని కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైల్. ఎక్సెల్‌లో చక్కగా కనబడిన షీట్ సీఎస్‌వీ అయ్యేసరికి ఏమైపోతుందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

మా కాలేజీ ఎంబీఏ బ్యాచ్ సంగతి చెప్తా. జేఎన్‌టీయూ రోల్ నంబర్ అమరిక మీకు తెలిసే ఉంటుంది, ముందు చేరిన సంవత్సరం, తర్వాత కాలేజీ కోడ్, తర్వాత కోర్సు, ఆ తర్వాత సీరియల్. బీటెక్ వాళ్ళకి మధ్యలో 1ఏ వస్తుంది, ఎంబీఏ వాళ్ళకి 1ఇ (1E) వస్తుంది. కాలేజీ కోడ్ అంకెల్లో ఉంటే ఎంబీఏ రోల్ నంబర్ ఇలా తయారవుతుంది అనుకోండి: 22991ఇ0012. అటూ ఇటూ అంకెలు, మధ్యలో ఒక్క ఇంగ్లిష్ ఇ. పెద్ద అంకెల్ని కుదించి రాసేటప్పుడు ఆ ఇ తర్వాత ఎన్ని సున్నాలో రాస్తారు, అందుకే ఎక్సెల్ దీన్ని రోల్ నంబర్ అనుకోదు, 22991 పక్కన 12 సున్నాలు అనుకుంటుంది, అనుకుని గడిలో 2.30ఇ+16 అని చూపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ కనబడేదే ఫైల్‌లోకి పోతుంది. బీటెక్ షీట్‌లన్నీ బాగానే ఎక్కాయి కదా అని నేను చూసుకోకుండా ఎంబీఏ కూడా ఎక్కించేశా, ఫైల్‌లో 60 మంది యూజర్‌నేమ్‌లు 2.30ఇ+05 నుంచి 2.30ఇ+64 దాకా వరసగా పడ్డాయి. ఒరిజినల్ షీట్ ఆఫీస్‌లో ఎవరి దగ్గరా లేదు, అదే ఫైల్‌ని తెరిచి సేవ్ చేసి తెరిచి సేవ్ చేసి పెట్టారు. అదృష్టం ఏంటంటే చివర ఉన్న అంకెలోంచి 4 తీసేస్తే సీరియల్ నంబర్ వచ్చేస్తుంది, 16 అంటే 12వ రోల్ నంబర్, 64 అంటే 60వది, ఒక కాగితం మీద లెక్క వేసుకుని మళ్ళీ కట్టుకున్నా. ఇది బుర్ర ఉపయోగించి గట్టెక్కడం కాదు, లెక్క అలా కుదిరింది అంతే.

ఇదొక్కటే కాదు. సున్నాతో మొదలయ్యే అడ్మిషన్ నంబర్లో ఆ సున్నా ఎగిరిపోతుంది. 91 చేర్చిన ఫోన్ నంబర్ 12 అంకెలు అవుతుంది కాబట్టి అదీ ఇ+11 అయిపోతుంది, ముందున్న ప్లస్ గుర్తు కూడా పోతుంది, మా సంఘంలో డాలస్‌లో ఉన్నవాళ్ళవీ సిడ్నీలో ఉన్నవాళ్ళవీ నంబర్లు ఇలాగే కలగాపులగం అయ్యాయి. అంకెలు 15 దాటితే ఆ తర్వాతవన్నీ సున్నాలే, అవి ఇక వెనక్కి రావు. పుట్టిన తేదీలది ఇంకో కథ, కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే 05-08-2004 అనేది మే 8 అయిపోతుంది, 13-08-2004 మాత్రం 13వ నెల లేదు కాబట్టి అలాగే ఉండిపోతుంది, అంటే సగం షీట్ తప్పు, సగం రైట్, చూడ్డానికి మాత్రం అంతా బానే ఉంటుంది.

మందు చిన్నదే. డేటా పడకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్ చేయండి, పడ్డాక చేస్తే లాభం లేదు. మైక్రోసాఫ్ట్ 365 ఉన్నవాళ్ళకి 2023 చివర్లో ఒక సెట్టింగ్ వచ్చింది, ఆప్షన్స్‌లో డేటా అనే చోట ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ అని ఉంటుంది, అక్కడ ముందు సున్నాలు తీసేయడం, పెద్ద అంకెలు కత్తిరించడం, ఇ చుట్టూ ఉన్న అంకెల్ని మార్చడం ఇవన్నీ ఆపేయొచ్చు. పాత ఎక్సెల్ అయితే లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో తెరవండి, అది సీఎస్‌వీ తెరిచేటప్పుడే ఏ కాలమ్ టెక్స్టో అడుగుతుంది.

తెలుగులో పేర్లున్నాయా? అయితే సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాదు, సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని విడిగా ఉంటుంది, అది పట్టుకోండి, లేకపోతే వెంకటలక్ష్మి బదులు ప్రశ్నార్థకాలు వరసగా నిలబడతాయి. ఇందులోనూ ఒక మెలిక, ఎక్సెల్ ఆ ఫైల్ మొదట్లో కంటికి కనబడని గుర్తు ఒకటి పెడుతుంది, కొన్ని టూల్స్ దాన్ని మొదటి కాలమ్ పేరులో కలిపేసుకుని "యూజర్‌నేమ్ కాలమ్ లేదు" అని మొండికేస్తాయి, ఎదురుగా కనబడుతుంటే లేదంటుందేంటి అని గంట తల గోక్కున్నా ఒకసారి. గూగుల్ షీట్స్‌లోంచి డౌన్‌లోడ్ చేస్తే ఈ బాధ లేదు.

పేర్ల గురించి ఒక్క మాట. సాఫ్ట్‌వేర్ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్ళు అడుగుతుంది, మన టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందొస్తుంది, ఆఫీస్ షీట్‌లో అంతా ఒకే గడిలో ఉంటుంది. ఖాళీ ఉన్నచోట కోసేస్తే "శ్రీ" ఒకవైపు, "వెంకట సత్య సాయి దుర్గా ప్రసాద్" ఒకవైపు పడిన సందర్భాలున్నాయి. మూడుల్‌లో రెండు గళ్ళూ తప్పనిసరి, ఇనీషియల్ కూడా లేనివాళ్ళకి నేను లాస్ట్ నేమ్‌లో ఒక చుక్క పెట్టేస్తా. ఇంటిపేరు ముందు కనబడాలి అనుకుంటే పేరు చూపించే క్రమం సైట్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, దానికోసం షీట్‌లో పేర్లు తిరగేయకండి.

## దారి 1: చేత్తో ఒక్కొక్కరినీ

నవ్వకండి. పాతికమందికి అయితే ఇదే మంచిది. ఒక్కొక్కరికి నిమిషంన్నర వేసుకున్నా అరగంట, నలభై నిమిషాల పని, ఫైల్ శుభ్రం చేయడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. పైగా ప్రతి పేరూ కంటితో చూస్తారు. యాభై దాటాక మాత్రం చెయ్యి అలిసిపోయి ఈమెయిల్‌లో అక్షరాలు తప్పుతాయి, అక్కడ ఆపేయండి.

## దారి 2: సైట్‌లోనే ఫైల్ అప్‌లోడ్

మూడుల్, వర్డ్‌ప్రెస్ ఈ విషయంలో ఒకటి కావు.

మూడుల్ చదువు కోసం పుట్టింది కాబట్టి ఈ పని దానికి మొదట్నుంచీ అలవాటే. అడ్మినిస్ట్రేషన్‌లో యూజర్స్, అకౌంట్స్, అక్కడ అప్‌లోడ్ యూజర్స్. ఫైల్ ఇవ్వగానే మొదటి కొన్ని వరసలు చూపించి, తర్వాత ఏం చేయమంటారు అని అడుగుతుంది: కొత్తవాళ్ళని మాత్రమే చేర్చాలా, కొత్తవాళ్ళని చేర్చి పాతవాళ్ళ వివరాలు సరిచేయాలా, పాతవాళ్ళని మాత్రమే సరిచేయాలా, లేక అదే యూజర్‌నేమ్ ఉంటే వెనక ఒక అంకె తగిలించి ఇంకో అకౌంట్ తెరవాలా. ఆ చివరిది పొరపాటున కూడా ముట్టుకోకండి, ఒకే పిల్లాడికి రెండు అకౌంట్లయితే అసైన్‌మెంట్ ఒకదాంట్లో, మార్కులు ఒకదాంట్లో. మొదటిసారికి "కొత్తవాళ్ళు మాత్రమే", పది రోజులకి షీట్ మళ్ళీ వచ్చినప్పుడు "కొత్తవాళ్ళు ప్లస్ సరిచేయడం", ఇంతే. మానేసినవాళ్ళకి సస్పెండెడ్ అని కాలమ్ పెట్టి 1 వేస్తే లాగిన్ ఆగిపోతుంది, రికార్డ్ మాత్రం ఉంటుంది.

నాకు బాగా నచ్చేది ఏంటంటే అదే ఫైల్‌లో కోర్సు కాలమ్, కోహోర్ట్ (యూజర్ల గుంపు, మనకి బ్యాచ్ అనుకోండి) కాలమ్ పెట్టుకోవచ్చు, అకౌంట్ తెరవడం, క్లాసులో కూర్చోబెట్టడం ఒకే దెబ్బకి అయిపోతుంది. కోర్సుకి పెద్ద పేరు కాదు, షార్ట్ నేమ్ ఇవ్వాలి. కోహోర్ట్‌లో స్పెల్లింగ్ చూస్కోండి, లేని ఐడీ రాస్తే అది తప్పు అనదు, ఆ ఐడీతో కొత్త కోహోర్ట్ తయారుచేసి పెడుతుంది. ఇక యూజర్‌నేమ్ అంతా చిన్న అక్షరాల్లో ఉండాలి, రోల్ నంబర్లు పెద్ద అక్షరాల్లో ఉన్నా స్టాండర్డైజ్ అనే ఆప్షన్ పెడితే అదే మార్చుకుంటుంది, తర్వాత పిల్లలు లాగిన్ పేజీలో పెద్దవి కొట్టినా తీసుకుంటుంది.

వర్డ్‌ప్రెస్‌లో ఈ వసతి సొంతంగా లేదు. టూల్స్‌లో ఇంపోర్ట్ అని కనబడుతుంది గానీ అది పోస్టుల కోసం, మన సీఎస్‌వీ తీసుకోదు. ప్లగిన్ (సైట్‌కి అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) వేసుకోవాల్సిందే. నేను వాడేది ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్ యూజర్స్ అండ్ కస్టమర్స్, ఉచితమే, మనం అదనంగా పెట్టిన కాలమ్స్‌ని, ఉదాహరణకి బ్యాచ్ సంవత్సరం, ఊరు, బ్లడ్ గ్రూప్, యూజర్ వివరాల్లోకి తీసుకుంటుంది. పాతవాళ్ళని అప్‌డేట్ చేయాలా, వాళ్ళ రోల్ (సైట్‌లో వాళ్ళకుండే అధికారం) మార్చాలా అని విడివిడిగా అడుగుతుంది, ఈ రెండో ప్రశ్న ఎందుకు ముఖ్యమో దారి 3లో చెప్తా. ఫైల్‌లో లేనివాళ్ళని ఏం చేయాలి అనే ఆప్షన్ కూడా ఉంది, అందులో డిలీట్ అనేది ఉంది, 40 మంది కొత్తవాళ్ళ ఫైల్‌తో దాన్ని నొక్కారనుకోండి, మిగతా మామూలు సభ్యులందరూ పోతారు. ముట్టుకోకండి. డబ్బులు పెట్టగలిగితే డబ్ల్యూపీ ఆల్ ఇంపోర్ట్ ఉంది, ఎక్సెల్ ఫైల్ నేరుగా తీసుకుంటుంది, ఏ కాలమ్ ఎక్కడికి పోవాలో మౌస్‌తో లాగి పెట్టొచ్చు, షీట్ ప్రతిసారీ వేరే ఆకారంలో వచ్చేవాళ్ళకి అది సుఖం. మాకైతే అవసరం పడలేదు.

ఈ దారి బలం, క్లర్క్‌కి నేర్పొచ్చు. బలహీనత, వెయ్యి రెండువేలు దాటితే పేజీ ఆగిపోవచ్చు. ఆగితే కంగారుపడి మళ్ళీ మొత్తం నొక్కకండి, ఎంతమంది ఎక్కారో చూసి, కొత్తవాళ్ళు మాత్రమే అని పెట్టి అదే ఫైల్ మళ్ళీ ఇవ్వండి. లేదా ముందే 300 చొప్పున ముక్కలు చేసుకోండి.

## దారి 3: కమాండ్ లైన్

ఎస్‌ఎస్‌హెచ్ ఉన్నవాళ్ళకి నా ఓటు దీనికే. పేజీ ఆగిపోవడం అనే గొడవే ఉండదు, కమాండ్ లైన్‌లో పీహెచ్‌పీకి ఆ 30 సెకన్ల కట్టుబాటు లేదు. వర్డ్‌ప్రెస్‌కి డబ్ల్యూపీ-సీఎల్ఐ అనే కమాండ్ లైన్ టూల్ ఉంది, అందులో యూజర్ ఇంపోర్ట్-సీఎస్‌వీ అనే కమాండ్‌కి ఫైల్ పేరు ఇస్తే చాలు. యూజర్ లాగిన్, ఈమెయిల్, డిస్‌ప్లే నేమ్, రోల్ కాలమ్స్ చూస్కుంటుంది, పాస్‌వర్డ్ కాలమ్ లేకపోతే తనే ఏదో ఒకటి పెట్టేస్తుంది. మెయిల్ పంపమని మనం విడిగా చెప్తే తప్ప పంపదు, ఇది పెద్ద ఉపకారం. మూడుల్‌లో కూడా 3.10 వెర్షన్ నుంచి అప్‌లోడ్ యూజర్స్‌కి కమాండ్ లైన్ స్క్రిప్ట్ ఉంది, పేజీలో కనబడే ఆప్షన్లే అక్కడా.

అయితే పదునైన కత్తి కదా, కోసేది కూడా బాగానే కోస్తుంది. డబ్ల్యూపీ-సీఎల్ఐ అలవాటు ఏంటంటే లాగిన్ గానీ ఈమెయిల్ గానీ ముందే ఉన్నవాడిది అయితే అడక్కుండా అప్‌డేట్ చేసేస్తుంది. మా సంఘం సభ్యుల షీట్ 410 మందిది వచ్చింది, అందరి రోల్ కాలమ్‌లో సబ్‌స్క్రైబర్ (అన్నిటికంటే తక్కువ అధికారం ఉన్న రోల్) అని కిందిదాకా లాగేశా, ఎంటర్ కొట్టా, సక్సెస్ సక్సెస్ అని వరసలు పరిగెడుతుంటే టీ తాగుతూ చూశా. తర్వాత సైట్ తెరిస్తే అడ్మిన్ మెనూ మొత్తం మాయం. నేనూ ఆ బ్యాచ్ వాడినే, నా పేరు కూడా ఆ షీట్‌లో 187వ వరసలో ఉంది! ప్రెసిడెంట్‌గారు, ట్రెజరర్ కూడా సబ్‌స్క్రైబర్లు అయిపోయారు, సైట్‌కి అడ్మిన్ అనేవాడే లేడు. కమాండ్ లైన్ చేతిలో ఉంది కాబట్టి సెట్-రోల్ అనే కమాండ్‌తో నన్ను నేను మళ్ళీ అడ్మినిస్ట్రేటర్ చేసుకున్నా, ప్రెసిడెంట్‌గారికి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు. అప్పట్నుంచి పాతవాళ్ళని ముట్టుకోవద్దని చెప్పే స్కిప్-అప్‌డేట్ అనే ఫ్లాగ్ లేకుండా ఆ కమాండ్ కొట్టను, అప్‌డేట్ నిజంగా కావాలంటే కమిటీ సభ్యుల వరసలు షీట్‌లోంచి తీసేసి అప్పుడు కొడతా.

## దారి 4: డేటాబేస్‌లోకి నేరుగా

పీహెచ్‌పీ మైఅడ్మిన్ (డేటాబేస్‌ని బ్రౌజర్‌లో చూపించే టూల్) తెరిచి సీఎస్‌వీని యూజర్ల టేబుల్‌లోకి తోసేయొచ్చు కదా అని ఒక ఫ్రెండ్ తప్పకుండా సలహా ఇస్తాడు. వేగంగానే అవుతుంది, కాదనను. కానీ వర్డ్‌ప్రెస్‌లో మనిషి ఒక టేబుల్‌లో, వాడి రోల్ ఇంకో టేబుల్‌లో ఉంటాయి, రెండోది మర్చిపోతే లాగిన్ అవుతాడు గానీ ఏ రోల్ లేని అనాథ. మూడుల్‌లో ఇంకా చిత్రం, యూజర్ టేబుల్‌లో ఎమ్‌నెట్‌హోస్ట్ఐడీ అని ఒక కాలమ్ ఉంటుంది, దాంట్లో 1 లేకుండా 0 ఉండిపోతే ఆ మనిషి టేబుల్‌లో ఉంటాడు, పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంటుంది, లాగిన్ మాత్రం అవ్వడు, ఎందుకో ఏ మెసేజూ చెప్పదు. పాత సైట్ నుంచి పాస్‌వర్డ్‌లతో సహా మార్చాల్సినవాళ్ళు, అదీ తెలిసినవాళ్ళు తప్ప మిగతావాళ్ళు ఇటు చూడొద్దు.

## దారి 5: అసలు ఎక్కించకుండా వాళ్ళనే రమ్మనడం

ఇదీ ఒక దారే, చాలామందికి తట్టదు. మూడుల్‌లో సెల్ఫ్ రిజిస్ట్రేషన్ తెరిచి, ఫలానా డొమైన్ మెయిల్ ఉన్నవాళ్ళే రావాలి అని కట్టడి పెట్టి, కోర్సుకి ఒక ఎన్‌రోల్‌మెంట్ కీ (కోర్సులో చేరడానికి కొట్టాల్సిన రహస్య పదం) పెట్టి క్లాసులో బోర్డు మీద రాసేస్తే అయిపోతుంది. కాలేజీ పిల్లలందరికీ గూగుల్ మెయిల్స్ ఇచ్చి ఉంటే గూగుల్ లాగిన్ కలపండి, పాస్‌వర్డ్ అనే మాటే ఎత్తాల్సిన పన్లేదు.

నష్టం ఏంటంటే పేర్లు వాళ్ళిష్టం. మేము ఒక ఏడాది ఇలా వదిలేస్తే గ్రేడ్ రిపోర్ట్‌లో ప్రిన్స్ చింటూ, మీ సాయి, క్రేజీ కిరణ్ అని వచ్చాయి, ఎవరి మార్కులు ఎవరివో కనుక్కోడానికి వారం. మార్కులూ ఫీజులూ లేని సైట్ అయితే, అంటే సంఘం, కాలనీ అసోసియేషన్ లాంటివి, ఇది హాయి. పూర్తిగా వదిలేయకుండా మధ్యేమార్గం కూడా ఉంది: అకౌంట్లు సరైన పేర్లతో మీరే ఎక్కించండి, లాగిన్ మాత్రం గూగుల్ ద్వారా, మెయిల్ ఐడీ కలిస్తే మూడుల్ ఆ రెండింటినీ ముడిపెట్టుకుంటుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఎంతమంది దాకా | అదే షీట్ మళ్ళీ వస్తే | ఏం కావాలి | ఎవరు చేయగలరు |
|---|---|---|---|---|
| చేత్తో | 25 నుంచి 50 | మార్పులు చేత్తోనే వెతుక్కోవాలి | అడ్మిన్ లాగిన్ | ఎవరైనా |
| మూడుల్ అప్‌లోడ్ | వెయ్యి దాకా హాయిగా | ఆప్షన్ సరిగ్గా ఎంచుకుంటే చాలా బాగుంటుంది | అడ్మిన్ లాగిన్ | నేర్పితే క్లర్క్ |
| వర్డ్‌ప్రెస్ ప్లగిన్ | కొన్ని వందలు, ముక్కలు చేస్తే ఎక్కువ | బాగుంటుంది, రోల్, డిలీట్ ఆప్షన్లు చూస్కోవాలి | ప్లగిన్ వేసే అధికారం | నేర్పితే క్లర్క్ |
| కమాండ్ లైన్ | వేలు | అన్నిటికంటే బాగుంటుంది, ఏమరుపాటు పనికిరాదు | ఎస్‌ఎస్‌హెచ్ | మీరే |
| డేటాబేస్ | ఎంతైనా | దేవుడే దిక్కు | డేటాబేస్ లాగిన్, గుండె ధైర్యం | బాగా తెలిసినవాళ్ళు |
| వాళ్ళే రావడం | ఎంతైనా | షీట్‌తో పనే లేదు | మెయిల్స్ పనిచేయడం | ఎవరైనా |

"వెయ్యి దాకా" లాంటివి నేను మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) చూసిన లెక్క, సొంత సర్వర్ ఉంటే ఇంకా లాగొచ్చు.

## మరి మీరు ఏది పట్టుకోవాలి

కాలేజీ, మూడుల్, ఏటా కొత్త బ్యాచ్ అయితే ఆలోచించకుండా దారి 2. యూజర్‌నేమ్‌గా రోల్ నంబర్ పెట్టండి, ఫోన్ నంబర్ పెట్టకండి, పిల్లలు సిమ్ మార్చినంత తేలిగ్గా చొక్కా కూడా మార్చరు. స్పాట్ అడ్మిషన్లు అయ్యేదాకా రోల్ నంబర్లు రాకపోతే అడ్మిషన్ నంబర్‌తో తెరిచి తర్వాత మారుద్దాం అనుకోవద్దు, వారం ఆగండి. ఆగలేమంటే మాత్రం ఆ అడ్మిషన్ నంబర్‌నే చివరిదాకా ఉంచేయండి.

సంఘం, వర్డ్‌ప్రెస్, వందల్లో సభ్యులు, ఏడాదికోసారి అయితే ప్లగిన్ చాలు. వర్డ్‌ప్రెస్‌లో ఒకసారి పెట్టిన యూజర్‌నేమ్ తర్వాత ప్రొఫైల్ పేజీలో మారదు, కానీ ఈమెయిల్‌తో కూడా లాగిన్ అవ్వొచ్చు కాబట్టి పెద్దవాళ్ళకి యూజర్‌నేమ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక్కడొచ్చే చిక్కు ఏంటంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సభ్యులే, ఇచ్చింది ఒకే జీమెయిల్. వర్డ్‌ప్రెస్ ఒక మెయిల్‌కి రెండు అకౌంట్లు ఒప్పుకోదు. జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏదో ఒకటి రాసి @ పెడితే ఉత్తరాలు అదే ఇన్‌బాక్స్‌కి పోతాయి, సైట్‌కి మాత్రం అది వేరే మెయిల్. నేను అలా చాలా జంటల్ని సర్దుబాటు చేశా.

చిన్న స్కూలు, టీచర్లు మాత్రమే లాగిన్ అవుతారు, ముప్ఫైమంది: చేత్తో. వేలమంది ఉన్న కోచింగ్ సెంటర్ లాంటిది, ప్రతి వారం కొత్త బ్యాచ్: కమాండ్ లైన్, లేదంటే ఫీజు కట్టగానే అకౌంట్ దానంతటదే తెరుచుకునేలా చేయించుకోవడం, షీట్లు ఎక్కించుకుంటూ కూర్చోవడం మీకు తగదు.

## పాస్‌వర్డ్‌లు, మెయిళ్ళు

మన దగ్గర ఆనవాయితీ పుట్టిన తేదీ పాస్‌వర్డ్. క్లాసులో అందరికీ అందరి పుట్టినరోజులూ తెలుసు, కేక్ కోసింది వాళ్ళే కదా. మూడుల్‌లో మామూలుగా ఉండే నియమం ప్రకారం 8 అక్షరాలు, అందులో అంకె, చిన్న అక్షరం, పెద్ద అక్షరం, ఒక గుర్తు ఉండాలి, పుట్టిన తేదీ దానికి నిలవదు. అయినా ఫైల్ ద్వారా ఎక్కించేటప్పుడు తీసుకుంటుంది. అలా పెట్టక తప్పకపోతే బలహీనమైన పాస్‌వర్డ్ ఉన్నవాళ్ళు మొదటి లాగిన్‌లోనే మార్చుకోవాలి అనే ఆప్షన్ పెట్టండి.

ఇంకా మంచిది, పాస్‌వర్డ్ కాలమే పెట్టకుండా సైట్‌నే తయారుచేయమనడం. అప్పుడు మెయిల్స్ పోవాలి, అక్కడ మొదలవుతుంది అసలు సినిమా. మామూలు జీమెయిల్ ద్వారా పంపిస్తే రోజుకి 500, గూగుల్ వర్క్‌స్పేస్ అయితే 2000, షేర్డ్ హోస్టింగ్‌లో అయితే గంటకి ఇన్ని అని ఇంకా తక్కువ ఉంటుంది. 640 మందికి ఒకేసారి వదిలితే సగం పోవు, పోయినవాటిలో సగం స్పామ్‌లో పడతాయి. వర్డ్‌ప్రెస్‌లో పాస్‌వర్డ్ మార్చుకునే లింక్ ఒక రోజే పనిచేస్తుంది, మన పెద్దాయన మెయిల్ తెరిచేది ఆదివారం. అందుకే నేను ఎక్కించేటప్పుడు మెయిల్ ఆపేస్తా, అన్నీ సరిగ్గా పడ్డాయని చూస్కున్నాక వాట్సాప్ గ్రూప్‌లో ఒకే మెసేజ్ పెడతా: ఇదీ సైట్, ఫర్గాట్ పాస్‌వర్డ్ నొక్కండి, మీరు ఇచ్చిన మెయిల్ కొట్టండి. ఎవరికి తీరికైనప్పుడు వాళ్ళు చేసుకుంటారు, మెయిళ్ళు కూడా విడతలవారీగా పోతాయి. అయితే మూడుల్‌లో ఆ లింక్ మామూలుగా 30 నిమిషాలే ఉంటుంది, మెయిల్ ఆలస్యంగా వచ్చే చోట ఆ టైమ్ పెంచుకోండి.

ఎక్కించే ముందు డేటాబేస్ బ్యాకప్ తీస్కోండి, ఈ దారుల్లో దేనికీ వెనక్కి తిప్పే బటన్ లేదు. ముందు మూడే వరసలతో ఒక ఫైల్ చేసి ఎక్కించండి, ఒక మామూలు పేరు, ఒక తెలుగు లిపిలో ఉన్న పేరు, ఒక వంకర రోల్ నంబర్. అవి మూడూ సరిగ్గా పడి, ఆ మూడింటితో మీరే ఒక ప్రైవేట్ విండోలో లాగిన్ అయి చూశాక పెద్ద ఫైల్ ఇవ్వండి.

ఆఫీస్‌వాళ్ళు పంపే షీట్‌లో ఆధార్, కులం, తండ్రి ఆదాయం అన్నీ ఉంటాయి, సైట్‌కి అవి దేనికీ అక్కర్లేదు, సీఎస్‌వీ చేయకముందే ఆ కాలమ్స్ తీసేయండి. వర్డ్‌ప్రెస్‌లో మీడియా లైబ్రరీలోకి ఫైల్ ఎక్కించి అక్కడ్నుంచి ఇంపోర్ట్ చేసేవాళ్ళని చూశా, ఆ అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్నది లింక్ తెలిసిన ఎవరికైనా తెరుచుకుంటుంది. పని అవ్వగానే సర్వర్ మీద ఒకటి, మీ డౌన్‌లోడ్స్‌లో ఒకటి, వాట్సాప్ గ్రూప్‌లో ఒకటి, మొత్తం మూడు చోట్ల డిలీట్ చేయాలి. మా కాలేజీలో నాలుగోది కూడా దొరికింది, నోటీస్ బోర్డు పక్కన ఉన్న కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద, "ఫైనల్ లాగిన్స్ కొత్తది 2" అని.